సీసాలో తోట – 11: చారల పువ్వు లోపల ఇద్దరు

పోయినవారం హిదాయాను నీడవల కింద, అప్పుడే విప్పారిన మొదటి పువ్వు ముందు వదిలేసి వచ్చాం. లుషోటో కొండల్లో రాళ్ల సందుల్లో పూసే వయొలెట్లన్నీ ఒట్టి నీలం. క్వేబోగా ఊళ్లో సివేమా అవ్వ వసారాలో కుండీలో ఉన్నది మాత్రం వేరు. దాని రేకలు తెల్లగా, ఒక్కో రేక నడుమ ఒక్కో నీలం చారతో, తిరుగుతున్న చక్రంలా ఉంటాయి. ఆ మొక్క ఆకులు కొన్ని బతిమాలి తెచ్చుకుని, ముక్కలు కోసి, సీసాల్లో జెల్లీ మీద పెట్టి, ముక్కముక్కకీ గుంపులు గుంపులుగా పిల్లమొక్కలు లేపింది హిదాయా షెంవేటా. "అవ్వ పువ్వు ఎలా ఉందో ఇవన్నీ అచ్చం అలాగే పూస్తాయి" అని ఊరి ఆడవాళ్ల సంఘానికి మాటిచ్చింది. తమ ఊరి పిల్ల, చదువుకున్న పిల్ల మాట కదా అని వాళ్లు చిక్కుడు మళ్లు చెరిపి నీడవలలు కట్టుకున్నారు. తీరా మొదటి మొగ్గ విప్పితే ఒట్టి నీలం. చారా లేదు, చక్రమూ లేదు.

ఆ కబురు కొండెక్కడానికి ఎంతోసేపు పట్టలేదు.

మర్నాడు పొద్దున్నే, లోయలోంచి మంచు ఇంకా లేవకముందే, కిక్కిరిసిన మినీవ్యాన్ ఒకటి ప్రయోగశాల గేటు ముందు ఆగింది. స్వెట్టర్ల మీద కాంగా గుడ్డలు బిగించి చుట్టుకున్న ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు దిగారు. అందరికన్నా చివర సివేమా అవ్వ దిగింది. ఆవిడ చేతిలో అరిటాకు పొట్లం ఒకటుంది. దాన్ని నిద్రపోతున్న పసిబిడ్డలా పట్టుకుంది.

"షికమూ అవ్వా" అంటూ హిదాయా ఎదురెళ్లి వంగింది.

పెద్దవాళ్లు దానికి "మరహబా" అనాలి. కోపంలో ఉన్నా అంటారు, జ్వరంలో ఉన్నా అంటారు. అవ్వ అనలేదు. హిదాయా పక్కనుంచి నడిచి లోపలికి పోయింది. దీనికంటే చెంపదెబ్బ నయమనిపించింది హిదాయాకు.

"అవ్వ మాట్లాడదు. నేను మాట్లాడతాను. దేవుడు నాకు ఇంత నోరు ఊరికే ఇచ్చాడా?" అంది రజబు వాళ్లమ్మ. సంఘానికి పెద్ద ఆవిడే. "ఏదీ, ఎక్కడ మా పువ్వు?"

హిదాయా నీడవల కిందకి తీసుకెళ్లింది. బల్లల మీద వరసగా ట్రేలు, ట్రేల నిండా నూగు ఆకుల మొక్కలు. రాత్రికి రాత్రే ఇంకొన్ని విప్పాయి. ఎటు చూసినా నీలం.

"ఇదా! ఇది మా వాగు గట్టున మేకలు మేసే పువ్వు కదే!" రజబు వాళ్లమ్మ గొంతు లేచింది. "దీనికోసమా మేం చిక్కుళ్లు పీక్కున్నది?"

"మేకలు మేయవు పిన్నీ. ఆకు మీద నూగుంటుంది కదా, అందుకని..."

"అదీ నిజమే! మేకలు కూడా ముట్టవు!" అని ఆవిడ చేతులు తట్టింది. "మేకలు ముట్టని పువ్వుని దారెస్సలాం హోటళ్లవాళ్లు ముట్టుకుంటారటమ్మా! రారండి, ఇంటికెళ్లి ఇవే వండుకు తిందాం!"

ఎవరో కిసుక్కుమన్నారు. అవ్వ నవ్వలేదు. అరిటాకు పొట్లం విప్పి బల్ల మీద పెట్టింది. అందులో ఆ చక్రాల పువ్వు ఒకటి, తాజాగా కోసింది, తడి గుడ్డలో ఉంది. దాని పక్కన ట్రేలో నీలం పువ్వు. చూసినవాళ్లెవరికీ ఇంక మాట అక్కర్లేకపోయింది.

"నా ఆకులు ఏం చేశావు?" అనడిగింది అవ్వ. మెల్లగానే అడిగింది. "ఎవరికిచ్చావు? నిజం చెప్పు. నీ తల్లి నా చేతుల్లో పుట్టింది. ఆవిడ మొహం చూసి ఆకులిచ్చాను నీకు."

"ఎవరికీ ఇవ్వలేదవ్వా. అల్లా సాక్షి."

అప్పుడు డాక్టర్ సింగానో వచ్చాడు. ప్రయోగశాల ఆయనదే. పరాయి దేశంలో చదివి, అక్కడ ఉండిపోకుండా తిరిగొచ్చి, తండ్రి ఇచ్చిన పియర్ తోటలో దీన్ని కట్టించాడు. ఎప్పుడూ గొంతు పెంచడు. ఎక్కడా పని దొరక్క తిరుగుతున్న హిదాయాను పిలిచి, ఈ గదులూ ఈ సీసాలూ చేతిలో పెట్టింది ఆయనే. అందుకే ఆయన రాగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

ఆయన ఈ పువ్వునీ ఆ పువ్వునీ చూశాడు. నిట్టూర్చాడు.

"అమ్మా, దాచి లాభం లేదు. మా దగ్గర మామూలు నీలం వయొలెట్ సీసాలు కూడా ఉన్నాయి. హిదాయా మొదట వాటి మీదే పని నేర్చుకుంది. ఎక్కడో సీసాలు తారుమారయ్యాయి. తప్పు మాది. అంటే, ఆమెది. ఆమె సంగతి నేను చూసుకుంటాను."

ఆ మాట ఎంత మెత్తగా అన్నాడంటే, హిదాయాకు అది తనను పనిలోంచి తీసేయడమని అర్థం కావడానికి కాస్త వ్యవధి పట్టింది.

ఆమెకు ముందు వచ్చింది కోపం కాదు, అనుమానం. తన మీద తనకే. సీసాలు మార్చానా? ఆ రోజుల్లో నిద్రమత్తులో ఏ మూతైనా మారిందా? మనసులోనే వెనక్కి నడిచింది. స్పిరిట్ దీపం, మంటలో కాలి చల్లారిన చాకు, గాలి వడకట్టే పెట్టె ముందు తన మోచేతులు. అవ్వ ఆకులు కోసిన రోజు వేరే మొక్కేదీ గదిలోకి తేలేదు. ఆ సంగతి ఆమెకు చేతులే చెబుతున్నాయి. అయినా చేతుల సాక్ష్యం ఎవరు నమ్ముతారు?

"ఒక్కసారి అన్నీ చూసొస్తాను" అంది.

"చూడ్డానికేముంది?" అన్నాడు సింగానో.

ఆమె అప్పటికే కదిలింది. బల్ల తర్వాత బల్ల చూసుకుంటూ పోయింది. నీలం, నీలం, విప్పని మొగ్గ, నీలం. రజబు వాళ్లమ్మ వెనకే వచ్చింది, దొంగ పారిపోతాడేమోనన్నట్టు. చిట్టచివరి బల్ల చివర, వల చిరిగి ఎండ పడేచోట, హిదాయా టక్కున ఆగిపోయింది.

అక్కడున్న మొక్క పూసింది తెలుపు. పాలమీగడ తెలుపు. చార కాదు, మచ్చ కాదు, మొత్తం తెలుపు.

"ఇదేంటి, రంగు పోసుకోవడం మర్చిపోయిందా?" అంది రజబు వాళ్లమ్మ.

 హిదాయా కళ్లలోకి మెరుపొచ్చింది. చిన్నప్పుడు వాగులో రాయి ఎత్తి దాని కింద ఏముందో చూసేటప్పుడు ఉండే మెరుపది.

"పిన్నీ, ఈ కొండల్లో ఎక్కడైనా తెల్ల వయొలెట్ చూశావా నువ్వు?"

"ఎక్కడా లేదు. మా అత్త కూడా చూసుండదు."

"మా సీసాల్లో కూడా లేదు. ఒక్కటంటే ఒక్కటి లేదు. మరి సీసాలు మారిపోయుంటే, ఇది ఎక్కణ్నుంచి వచ్చింది?"

రజబు వాళ్లమ్మ నోరు తెరిచింది. ఏం అనాలో తెలీక మళ్లీ మూసుకుంది. ఆ ఊళ్లో అలా జరగడం అరుదు.

హిదాయా ఆ తెల్ల పువ్వు ట్రే ఎత్తుకుని పరుగులాంటి నడకతో వచ్చి అవ్వ ముందు పెట్టింది. ఎడమ పక్క నీలం, కుడిపక్క తెలుపు, నడుమ అవ్వ చక్రం.

"అవ్వా, మీ పువ్వుది ఒక్క రేక కొయ్యనిస్తారా? అది అబద్ధం చెప్పదు. దాన్నే అడుగుతాను."

 అవ్వ సరేనన్నట్టు గడ్డం కొంచెం కదిపింది.

మైక్రోస్కోపు ఉన్న గది చిన్నది. అందరూ తోసుకుంటూ దూరారు, మిగిలినవాళ్లు కిటికీకి అతుక్కున్నారు. హిదాయా సన్నని పట్టకారుతో రేక పైన పొరను ఉల్లిపొరలా ఒలిచింది. నీలం చార ఉన్నచోటే ఒలిచింది. ఒలిచిన పొరను అద్దం మీద పరిచి కన్ను ఆనించింది. 

"పిన్నీ, నువ్వు చూడు. ఏం రంగు?"

రజబు వాళ్లమ్మ ఒక కన్ను చేత్తో మూసుకుని వంగింది. "రంగెక్కడుంది? నీళ్లలా ఉంది. గచ్చులో రాళ్లు పేర్చినట్టు గళ్లు గళ్లుగా ఉంది."

"నీలం చార మీంచి తీసిన పొరే అది. ఇప్పుడు దాని కింద ఉన్నది చూడు."

అద్దం మార్చింది. ఆవిడ మళ్లీ వంగి, "అమ్మో!" అని అదిరిపడి లేచింది. "సిరా! సిరాబుడ్డి ఒలికినట్టుంది!"

ఒకరి తర్వాత ఒకరు చూశారు. చూసినవాళ్లు చూడనివాళ్లకు చెప్పారు, చూడనివాళ్లు నమ్మక మళ్లీ వరసలో నిలబడ్డారు. వాళ్లు వచ్చింది దెబ్బలాటకన్న సంగతి కాసేపు ఎవరికీ గుర్తు లేదు. అవ్వ మాత్రం బల్ల మీద కూర్చునే ఉంది.

"నాకు చత్వారం. ఆ గొట్టంలో నాకేం కనబడుతుంది? నోటితో చెప్పు" అంది.

హిదాయా ఆవిడ ముందు గొంతుక్కూర్చుంది. ఎలా చెప్పాలా అని చూస్తుంటే అవ్వ చుట్టుకున్న కాంగాలు కనబడ్డాయి. చలికి రెండు చుట్టుకుంది, లోపల నీలం, పైన బాగా నలిగి పలచబడ్డ తెలుపు. పలచనైనచోట నీలం పైకి తేలుతోంది.

"ఇదిగో అవ్వా, మీ పువ్వు కూడా ఇలాగే రెండు చుట్టుకుంది. పైన తెల్లది, లోపల నీలం. రేక నడుమ లోపలిది పైకి కనబడుతుంది, అదే చార. అంచుల దగ్గర లోపలి గుడ్డ అందదు, ఒట్టి పైదే ఉంటుంది, అందుకని తెలుపు. రెండూ కలిసి ఉన్నాయి కాబట్టి మనకి చక్రం కనబడుతోంది."

"ఊఁ."

"నేను సీసాలో పెట్టిన ముక్కలోంచి పిల్లమొక్క పుట్టేటప్పుడు, మొత్తం గుడ్డలోంచి పుట్టదు. ఒక్క పోగులోంచి పుడుతుంది. ఆ ఒక్క పోగుతోనే తన కొత్త కాంగా నేసుకుంటుంది. లోపలి పోగు దొరికితే మొత్తం నీలం. పై పోగు దొరికితే మొత్తం తెలుపు. ఒక్క పోగులో రెండు రంగులు ఎలా ఉంటాయి?"

 అవ్వ తన కాంగా అంచు వేళ్ల మధ్య నలుపుతూ కూర్చుంది.

"అంటే నా పువ్వులో ఇద్దరున్నారా?"

"ఇద్దరవ్వా. ఒకరి చర్మం కింద ఒకరు."

"ఇన్నేళ్లూ కొట్టుకోకుండా?"

"కొట్టుకోకుండానే."

"నేనూ మా ఆయనా ఒక కప్పు కింద అన్నేళ్లున్నాం. ఇంత బుద్ధిగా మాత్రం లేం" అంది అవ్వ. గది గొల్లుమంది. ఆ నవ్వుల్లోనే అవ్వ చెయ్యి చాచి హిదాయా తల మీద పెట్టింది. "మరహబా తల్లీ" అంది, గేటు దగ్గర బాకీపడ్డ బదులు ఇప్పుడు తీరుస్తూ.

హిదాయాకు కళ్లు చెమర్చాయి. తలొంచుకుంది.

"నిజం తెలిసింది, సంతోషం" అన్నాడు సింగానో గుమ్మంలోంచి. ఆయనొక్కడే మైక్రోస్కోపు దగ్గరికి రాలేదు. "హిదాయాను అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. కానీ అమ్మా, తెలిసిందంటే మందు దొరికిందని కాదు. సీసాలో పెడితే ఇద్దరూ విడిపోతారు. కాబట్టి ఆ పువ్వు పెరగదు. ఆశ పెట్టుకోకండి. నీలానివీ తెల్లవీ తీసుకెళ్లి అమ్ముకోండి."

"తెల్లవి కూడా వింతేగా, ఎవరైనా కొంటారేమో" అందొకామె. రజబు వాళ్లమ్మ ఆమెను చూపుతోనే కూర్చోబెట్టింది. చెరిపేసిన చిక్కుడు మళ్లు అందరి కళ్ల ముందూ మెదిలాయి. ఆ ఏటి తిండిలో సగం అవే.

హిదాయా లేచి నిలబడింది. "విడిపోకుండా ఇద్దరూ కలిసి పుట్టేచోటు ఆ మొక్కలో ఎక్కడో ఒకటి ఉండి తీరాలి డాక్టర్‌గారూ. లేకపోతే అవ్వ కుండీలో ఇన్నేళ్లు ఎలా..."

"పూల కాడ గురించేగా ఆలోచిస్తున్నావు? వద్దు. అది రాదు. వృథా శ్రమ." సింగానో గడియారం చూసుకున్నాడు. "ఇవాళ సెలవు తీసుకో. ఇంటికెళ్లి పడుకో."

ఆమె సెలవు తీసుకుంది గానీ ఇంటికి వెళ్లలేదు. ఆడవాళ్లతోపాటు మినీవ్యాన్ ఎక్కింది. ఒకరి ఒళ్లో ఒకరు అన్నట్టు కూర్చుని, మలుపు మలుపుకీ ఒకరి మీద ఒకరు ఒరుగుతూ కొండెక్కారు. వాళ్లు ఏదో పాట మొదలెట్టారు. హిదాయా నోరు కలపలేదు. ఆమె బుర్రలో ఒకటే మాట తిరుగుతోంది.

పూల కాడ.

అవును మరి! వయొలెట్ పూల కాడ నడుమ రెండు చిట్టి ఆకులుంటాయి. గమనించి చూస్తే తప్ప కనబడవు. వాటి చంకల్లో ఒక్కో మొగ్గ నిద్రపోతూ ఉంటుంది. అది ఒక్క పోగులోంచి పుట్టింది కాదు. రెండు పొరలూ ముందే చుట్టుకుని కూర్చున్న మొగ్గ. దాన్ని కాడతో సహా కోసి సీసాలో నిలబెట్టి నిద్రలేపితే, ఇద్దరూ కలిసే లేస్తారు. ఎందుకు రాదు? వచ్చి తీరాలి.

ఎంత తెలివైనవాడు డాక్టర్‌గారు, తను అనకముందే పట్టేశారు అనుకుంది ముందు. సోని వంతెన దాటి, వ్యాను మంచులోకి ఎక్కేసరికి ఆ అనుకోవడం కాస్త చల్లబడింది. తను అనకముందే కాదు. తను *అనుకోకముందే*. ఆ గదిలో నిలబడ్డప్పుడు పూల కాడ తన తలలో లేనే లేదు. ఆయనే పెట్టాడు. సీసాలు మారాయని పొద్దున నమ్మిన మనిషికి, ఆ కాడ అంత సిద్ధంగా నాలుక మీద ఎలా ఉంది?

ఊరొచ్చింది. అవ్వ ఇంటికి హిదాయా ఒక్కతే తోడు వెళ్లింది. మిగిలినవాళ్లు మళ్లు చూసుకోవడానికి పోయారు.

"కూర్చో, మకాందె ఉంది, తిందువుగాని" అని అవ్వ మొక్కజొన్నా చిక్కుడూ ఉడికిన కుండ మూత తీయబోయింది.

"తర్వాత తింటాను అవ్వా. ముందు మొక్కని చూడనివ్వండి. ఎన్ని కాడలేసింది ఈసారి?"

"రెండు. ఒకటి పూసింది, ఒకటి ఇంకా మొగ్గ మీదుంది. నీకు తెచ్చిన పువ్వు ఈ మొగ్గల కాడలో ముందు విప్పిందే."

"మరి పూసిన కాడేది?"

అవ్వ జవాబు చెప్పేలోగా హిదాయా వసారాలో కుండీ ముందు మోకాళ్ల మీద కూర్చుంది. కంచంలా పరుచుకున్న ఆకులను రెండు వేళ్లతో మెల్లగా పైకెత్తింది. ఒక పక్కన కాడ ఉంది, మొగ్గలతో. రెండో పక్కన కాడ ఉండాల్సినచోట చిన్న మోడు ఉంది. గిల్లిన గుర్తు కాదు. పిల్లలు పీకిన గుర్తు కాదు. ఏటవాలుగా, నున్నగా, ఒక్క వేటున తెగిన కోత. మొదలు చుట్టూ ఒక్క ఆకు కూడా నలగలేదు. ఇలా కోయడం హిదాయాకు తెలుసు. ఆమె కూడా ఇలాగే కోస్తుంది. అలా కోయడం ఆమెకు నేర్పినవాడు ఒక్కడే.

"అవ్వా, ఈ కాడ ఎవరు కోశారు?"

"మీ డాక్టరే. పోయిన శుక్రవారం. అందరూ మసీదుకి పోయారు, నేను మోకాళ్లనొప్పితో ఇంట్లోనే ఉన్నా. చక్కెర పొట్లం పట్టుకుని వచ్చాడు పాపం, పలకరించి పోదామని. పువ్వు చూసి ముచ్చటపడ్డాడు. వాళ్లావిడకి ఇస్తాను, ఒక కాడ కోసుకోనా అన్నాడు. ఎంత మర్యాద! కోసుకో నాయనా అన్నాను." అవ్వ గుర్తు తెచ్చుకుని నవ్వింది. "జేబులోంచి బుల్లి చాకు తీశాడు. దాన్ని దూదితో తుడిచాడు, ఆసుపత్రి వాసనొచ్చింది. మళ్లీ మళ్లీ తుడిచాడు. పెళ్లానికి పువ్వు కోయడానికి చాకు అంత శుభ్రంగా తుడుచుకునే మగాణ్ని నా బతుకులో చూళ్లేదు సుమీ!"

సీసాలో పెట్టబోయే కాడకే చాకును అలా తుడుస్తారని హిదాయాకు తెలుసు. ఆకులు ఇంకా ఆమె వేళ్ల మీదే ఉన్నాయి.

"అవ్వా, డాక్టర్‌గారికి పెళ్లే కాలేదు."

కుండ మూత అవ్వ చేతిలోనే ఆగిపోయింది.

"కాలేదూ?"

"కాలేదు."

"మరి... రెండోది మొగ్గ మీదుందని చెబితే, దానికోసం మళ్లీ వస్తానన్నాడే. అది వాళ్ల చెల్లెలికట."

"ఎప్పుడు వస్తానన్నారు?"

అవ్వ జవాబు చెప్పక్కర్లేకపోయింది. కింద అరటితోపు మలుపులో మోటారుసైకిల్ ఒకటి ఎత్తు ఎక్కలేక గట్టిగా మూలిగి, ఆగింది. మంచులోంచి మనిషి ముందు నీడలా, తర్వాత కోటులా, తర్వాత డాక్టర్ సింగానోలా బయటికొచ్చాడు. ఒక చేతిలో చక్కెర పొట్లం. హిదాయాను వసారాలో మోకాళ్ల మీద చూశాడు. తడబడతాడనుకుంది. తడబడలేదు. ఎప్పటిలాగే మెత్తగా నవ్వి, మెట్టు మీద కాలు పెట్టాడు.

"నేననుకున్నదానికంటే తొందరగానే కనిపెట్టావే, హిదాయా" అన్నాడు.